అవురుపల్లి, డోకూరు లెక్కల్లో పాలమూరు బతుకు

మహబూబ్‌నగర్: పాలమూరు వెనుకబాటుతనం గురించి మాట్లాడని నాయకుడు లేడు, ప్రస్తావించని నివేదిక లేదు. వర్షాభావం, వలస, నిరక్షరాస్యత అనే మూడు మాటలు దశాబ్దాలుగా జిల్లా పేరును అంటిపెట్టుకునే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో జిల్లా అక్షరాస్యత 55 శాతం. నాటి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో ఇదే అట్టడుగు. ఇటువంటి అంకెలకు కొదవ లేదు. వాన కురవని ఏడాది ఒక కుటుంబం ఎలా గడిచింది, ఎవరి వద్ద ఎంత అప్పు తెచ్చింది, ఏ పశువును అమ్ముకుంది, ఇంటిలో ఎవరిని పనికి పంపింది అన్న వివరాలు మాత్రం ప్రభుత్వ పట్టికల్లో దొరకవు. ఆ వివరాలను ఏళ్ల తరబడి, అవే గడపలకు వెళ్లి రాసుకున్న అరుదైన పరిశోధన ఒకటి ఈ జిల్లాలోని రెండు గ్రామాల్లో సాగింది. అవి అవురుపల్లి, డోకూరు. జిల్లా దాటితే సామాన్యులకు అంతగా తెలియని ఈ ఊళ్ల పేర్లు ప్రపంచంలోని పేరెన్నికగన్న విశ్వవిద్యాలయాల్లో అర్థశాస్త్రం చదివే విద్యార్థులకు మాత్రం పరిచితమే.

పటాన్‌చెరు నుంచి పల్లెకు

మెట్ట ప్రాంతాల పంటలపై పరిశోధన కోసం 1972లో హైదరాబాద్ సమీపాన పటాన్‌చెరులో అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ ఏర్పాటైంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని ప్రధాన పంటలు. పరిశోధన క్షేత్రంలో బాగా పండిన రకం రైతు చెలకలో ఎందుకు నిలవదు, మంచిదని చెప్పిన పద్ధతిని రైతు ఎందుకు చేపట్టడు అన్న ప్రశ్న తొలినాళ్లలోనే శాస్త్రవేత్తలకు ఎదురైంది. సమాధానం విత్తనంలో కంటే రైతు ఇంటి పరిస్థితిలో ఉండవచ్చునని సంస్థలోని ఆర్థికవేత్తలు భావించారు. ఆ ఆలోచన నుంచి 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలయ్యాయి.

దక్షిణ భారతంలోని మెట్ట ప్రాంతాలకు ప్రాతినిధ్యం వహించేలా మూడు జిల్లాలను ఎంచుకున్నారు. ఎర్రనేలలకు, నిలకడలేని వర్షాలకు మహబూబ్‌నగర్. లోతైన నల్లరేగడికి, కరవుకు మహారాష్ట్రలోని షోలాపూర్. నల్లరేగడితో పాటు కొంత నమ్మకమైన వానకు అకోలా. జిల్లాకు రెండేసి చొప్పున ఆరు గ్రామాలు. మన జిల్లా నుంచి మాడ్గుల ప్రాంతంలోని అవురుపల్లి, దేవరకద్ర సమీపంలోని డోకూరు ఎంపికయ్యాయి. ప్రతి ఊరిలో 40 కుటుంబాలను తీసుకున్నారు. భూమిలేని కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్యతరగతి రైతులు పది, పెద్ద రైతులు పది.

ఈ అధ్యయనం విలువంతా అది సాగిన తీరులో ఉంది. సాధారణంగా సర్వే అంటే ఎన్యూమరేటరు ఒకరోజు వచ్చి, ఏడాది మొత్తం ఆదాయం ఎంతని అడిగి, చెప్పింది రాసుకుని వెళ్లిపోవడమే. ఏడాది ఆదాయాన్ని ఏ రైతు గుర్తుంచుకుంటాడు? గుర్తున్నా ఎందుకు చెబుతాడు? ఇక్కడ వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన పట్టభద్రులను పరిశోధకులుగా నియమించి, ఊరిలోనే కాపురముంచారు. వారు మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి, ఏ మడిలో ఏం వేశారు, ఎందరు కూలీలు పనిచేశారు, ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఎవరికి ఎంత బదులిచ్చారు అని అడిగి నమోదు చేశారు. అవురుపల్లితో పాటు మహారాష్ట్రలోని షిరాపూర్, కంజారా గ్రామాల్లో ఈ నమోదు 1984-85 వరకు ఆగకుండా నడిచింది. ఒక ఊరు పదేళ్ల పాటు మంచి కాలాన్నీ చెడ్డ కాలాన్నీ ఎలా దాటిందో చూపే ఇటువంటి లెక్క ఆనాటికి వర్ధమాన దేశాల్లో బహు అరుదు.

రైతుకు భయమా, దారి లేదా?

నిరుపేద రైతు స్వభావరీత్యా పిరికివాడని, సంప్రదాయానికి కట్టుబడి కొత్తదనాన్ని కాదంటాడని అధికారులు, పండితులు కూడా చాలాకాలం నమ్మారు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. అధ్యయన గ్రామాల్లోని 240 కుటుంబాలతో ఆయన ఒక విధమైన బొమ్మా బొరుసు ఆట ఆడించారు. ఆటగాడు ముందుగా ఒక పందెం ఎంచుకోవాలి. ఒక పందెంలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. మరో పందెంలో ఒకవైపు పడితే 30, రెండోవైపు పడితే 150. చివరి పందెంలో ఒకవైపు పడితే 200, రెండోవైపు పడితే సున్న. చిన్న మొత్తాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ పోయారు. గెలిచిన సొమ్మును నిజంగానే చేతికిచ్చారు. అది గరిష్ఠంగా, ఆనాటి ఒక కూలీ నెల సంపాదనను మించిన మొత్తం. కాబట్టి ఎవరూ వేళాకోళంగా ఆడలేదు.

1980లో ప్రచురితమైన ఫలితాలు అనుకున్నదానికి భిన్నంగా వచ్చాయి. మొత్తం పెద్దదైనప్పుడు దాదాపు అందరూ ఒకే రీతిలో, ఒక మోస్తరు జాగ్రత్తతో ఆడారు. ఆస్తిపరుడికీ నిరుపేదకూ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. విశేషమేమంటే, అవే కుటుంబాలను ఆట లేకుండా కేవలం ప్రశ్నలడిగి రాబట్టిన సమాధానాలు ఆట ఫలితాలతో ఏమాత్రం పొసగలేదు. ప్రశ్న అడిగే మనిషి మారితే జవాబూ మారుతోందని తేలింది.

దీనిని బట్టి చూస్తే, పెద్ద రైతు ఎరువు వేసి, చిన్న రైతు వేయకపోవడానికి కారణం గుండె ధైర్యంలోని తేడా అనడానికి ఆధారం లేదు. పంట పోయిన ఏడాది పెద్ద రైతుకు అప్పు పుడుతుంది, గాదెలో గింజలుంటాయి. చిన్న రైతుకు ఆ రెండూ ఉండవు. అవగాహన సదస్సులు పెట్టి రైతు మనస్తత్వాన్ని మార్చాలనే వాదనకు ఈ ఆట గట్టి దెబ్బే కొట్టింది. అయినా ఆ సదస్సులు నేటికీ ఆగలేదన్నది వేరే సంగతి.

విత్తన పరిశోధన దిశను సైతం ఈ గ్రామాలు మార్చాయి. పేదల ఆహారంలో మాంసకృత్తుల కొరత ఉందని, అవి ఎక్కువగా ఉండే జొన్న రకాలను రూపొందించాలని ఒకప్పుడు శాస్త్రవేత్తలు తలపోశారు. 1976 నుంచి 1978 వరకు ఆరు గ్రామాల్లో ఎవరు ఏం తింటున్నారో కొలిచి చూడగా, అసలు లోటు మాంసకృత్తుల్లో లేదని, కడుపునిండా తిండిలో, ఎ, బి, సి విటమిన్లలో, కాల్షియంలో ఉందని బయటపడింది. ఎక్కువ గింజ పండితే చాలు, మాంసకృత్తుల సమస్య చాలావరకు దానంతటదే తీరుతుందన్నమాట. దాంతో సంస్థ దిగుబడిపైనే దృష్టి నిలిపింది.

ఊరే బీమా... కొంతవరకు

అవురుపల్లి పేరును ప్రపంచానికి ఎక్కువగా పరిచయం చేసింది అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్. 1994లో ప్రచురించిన పరిశోధనలో ఆయన అవురుపల్లి, షిరాపూర్, కంజారా గ్రామాల పదేళ్ల లెక్కలను తీసుకుని ఒక చిన్న ప్రశ్న వేశారు. ఒక ఇంటికి ఈ ఏడాది ఆదాయం పడిపోతే ఆ ఇంట్లో తిండి ఖర్చు కూడా అంతే పడిపోతుందా?

అంతగా పడిపోవడం లేదని లెక్కలు చెప్పాయి. ఇంటి యజమాని జబ్బు పడినా, పని దొరకకపోయినా, ఆ ఒక్క ఇంటి ఆదాయం తగ్గినా వినియోగం పెద్దగా కుంగలేదు. అది ఊరి మొత్తం సగటుతో పాటు పెరుగుతూ, తరుగుతూ వచ్చింది. చేబదుళ్లు, ఇచ్చిపుచ్చుకోవడాలు, షావుకారు అప్పు, దాచుకున్న గింజలు, పశువుల అమ్మకం అన్నీ కలిసి ఎక్కడా రాసుకోని ఒక బీమాలా పనిచేస్తున్నాయి. అయితే మూడు గ్రామాల్లో ఒకచోట భూమిలేని కుటుంబాలకు ఈ రక్షణ తక్కువగా అందుతున్నట్లు కూడా ఆయనే గుర్తించారు. వినియోగాన్ని కొలిచిన తీరు సరిగా లేదని, మరో విధంగా కొలిస్తే ఊరి బీమా అంత బలంగా కనిపించదని 1997లో మార్టిన్ రవాలియన్, శుభం చౌధురి అభ్యంతరం తెలిపారు. వాదం ఎటు తేలినా పరస్పర సాయానికి భూమిలేనివాడి గడప చివరిదన్న అనుమానం మాత్రం బలపడింది.

ఈ బీమాకు మరో పరిమితి ఉంది. పాలమూరుకు సంబంధించినంత వరకు అదే ముఖ్యమైనది. ఒక ఇంటికి కష్టం వస్తే పక్కింటివారు ఆదుకుంటారు. చెరువు ఎండి ఊరంతా ఒకేసారి నష్టపోతే ఎవరు ఎవరిని ఆదుకోవాలి? ఊరి సగటే పడిపోయినప్పుడు అందరి కంచంలోనూ మెతుకులు తగ్గుతాయి. అప్పుడు సాయం ఊరి బయటి నుంచి రావాలి.

బయటి సాయం ఎలా వస్తుందో చూపిన పరిశోధనను 1989లో మార్క్ రోజెన్‌వైగ్, ఒడెడ్ స్టార్క్ వెలువరించారు. ఈ గ్రామాల్లో ఆడపిల్లను దూరపు ఊరికి, అయితే బంధుత్వం ఉన్న ఇంటికి ఇవ్వడం ఆనవాయితీ. వాన తేడా వల్ల ఆదాయం ఎక్కువగా ఒడుదొడుకులకు లోనయ్యే రైతు కుటుంబాలు మరింత దూరపు సంబంధాలు కలుపుకొంటున్నాయని, అలా కలుపుకొన్న ఇళ్లలో తిండి ఖర్చు నిలకడగా ఉంటున్నదని వారు లెక్కగట్టారు. ఇక్కడ వాన పడకపోయినా వియ్యంకుల ఊరిలో పడి ఉండవచ్చు. పెళ్లి సంబంధం వెనుక మబ్బుల లెక్క కూడా ఉంటుందని మన పెద్దలు పైకి చెప్పకపోవచ్చు. లెక్కలు మాత్రం దానిని పట్టుకున్నాయి. పుట్టింటికి ఈ ధీమా సమకూర్చడానికి ఊరు విడిచి దూరం వెళ్లేది ఆడపిల్ల అన్న సంగతి పరిశోధన పట్టికల్లో ఒక గడి మాత్రమే. ఆమె వైపు నుంచి ఆ లెక్క వేసినవారు తక్కువ.

పేదలకు మరో ఆసరాగా ఉండిన బంజర్లు, పోరంబోకులు, మేత భూములు, చిట్టడవుల సంగతిని ఎన్.ఎస్.జోధా శోధించారు. ఏడు రాష్ట్రాల్లోని 82 గ్రామాల్లో తిరిగి 1986లో ఆయన వెలువరించిన వ్యాసం, ఉమ్మడి భూములు ఎంత వేగంగా తరిగిపోతున్నాయో బయటపెట్టింది. మహబూబ్‌నగర్ కూడా ఆ అధ్యయనంలో ఉంది. ఆ భూముల్ని పేదలకు పంచినట్లు కాగితాల్లో ఉన్నా, చాలాచోట్ల అందులో పెద్ద భాగం అప్పటికే భూమి ఉన్నవారికే దక్కిందని ఆయన తేల్చారు. పంటలు లేని నెలల్లో మేత, కట్టెలు, ఆకు, పండ్లు ఇచ్చిన ఆసరా అలా కరిగిపోయింది.

రెండు ఊళ్లు, రెండు దారులు

అధ్యయనం మొదలైనప్పుడు డోకూరు పరిస్థితే మెరుగు. చెరువు కింద వరి, మెట్టన వేరుశనగ పండేవి. అవురుపల్లిలో ఆముదం, జొన్న ప్రధానం. బావుల కింద కొద్దిపాటి వరి. కల్లుగీత అక్కడి గౌడ కుటుంబాలకు నిత్యం డబ్బు తెచ్చే వృత్తి. చూసినవారెవరైనా చెరువున్న ఊరే ముందుకు పోతుందని చెప్పేవారు.

2001లో ఇక్రిశాట్ మళ్లీ ఈ గ్రామాల్లో క్రమబద్ధంగా లెక్కలు మొదలుపెట్టేనాటికి పరిస్థితి తిరగబడింది. వరుస కరవులతో డోకూరు చెరువుకు నీరు రాక, ఆయకట్టు బీడుపడింది. పంటల ఆదాయం వాటా కుంచించుకుపోయింది. వలస, కూలి ఆ ఊరికి ప్రధాన ఆధారాలయ్యాయి. అవురుపల్లిలో చెట్టునే నమ్ముకున్న గీత వృత్తి, హైదరాబాద్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉండటం వల్ల దొరికిన పనులు కరవు కాలంలో కొంత నిలబెట్టాయి. క్రమంగా ఆముదం, జొన్న స్థానాన్ని పత్తి ఆక్రమించింది. నీటి వసతి ఒక్కటే అభివృద్ధికి కొలమానమనుకునే వారికి ఈ రెండు ఊళ్ల కథ మింగుడుపడదు. ఒకే ఆధారంపై నిలిచిన ఊరు ఆ ఆధారం పోగానే కూలిపోయింది. నాలుగు చిన్న ఆధారాలున్న ఊరు తట్టుకుంది.

పాలమూరు వలసకు పాత చరిత్రే ఉంది. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీల చెమట అందులో కలిసిందని జిల్లా ప్రజలు చెప్పుకొంటారు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు తీరేవరకు కుటుంబం అతడు చూపిన చోట పనిచేయాలి. వానాకాలం పంట ముగిశాక బయలుదేరి, తొలకరికి తిరిగి రావడం ఆనవాయితీ. నారాయణపేట ప్రాంతం నుంచి ముంబయి బస్సులు ఏళ్ల తరబడి ఈ కూలీలతోనే నిండాయి.

ఇంత వలస ఉన్నా ఊరిని పూర్తిగా విడిచిపెట్టి పట్టణంలో స్థిరపడే పురుషుల సంఖ్య ఇతర దేశాలతో పోలిస్తే భారత్‌లో తక్కువ. ఎందుకు? కైవన్ మున్షీ, రోజెన్‌వైగ్ 2016లో వెలువరించిన పరిశోధనలో ఇక్రిశాట్ గ్రామాల లెక్కలను కూడా ఆధారంగా తీసుకుని ఒక సమాధానం చెప్పారు. కష్టకాలంలో ఆదుకునేది కులం, బంధువర్గం. శాశ్వతంగా ఊరు విడిచినవాడు ఆ ఆసరాను కోల్పోతాడు. పట్టణంలో కూలి ఎక్కువైనా, ఆ అదనపు సంపాదన పోయిన భద్రతకు సాటిరాదు. పాలమూరు కూలీ ఏటా వెళ్లి ఏటా తిరిగి రావడంలోని తర్కాన్ని ఈ వివరణ చాలావరకు విప్పుతుంది. మేస్త్రీ అడ్వాన్సు బంధాన్ని మాత్రం అది తాకదు.

సర్వేలకు ఇక్కడ మరో చిక్కు ఉంది. ఊరు విడిచినవారు లెక్క నుంచి కూడా జారిపోతారు. ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే ఊరు బాగుపడిందో, బాగుపడినవారు వెళ్లిపోయారో తెలియదు. అందుకే స్టెఫాన్ డెర్కాన్, ప్రమీలా కృష్ణన్, సోఫియా క్రుటికోవా 2005-06లో తొలి అధ్యయన కుటుంబాల వారసులు ఎక్కడెక్కడ ఉన్నారో వెదికించారు. పెళ్లై వెళ్లిన స్త్రీలను, పనికోసం తరలిన పురుషులను కూడా కలుపుకొన్నారు. మూడు దశాబ్దాల్లో ఈ గ్రామాల కుటుంబాల జీవన ప్రమాణాలు గణనీయంగా మెరుగుపడ్డాయని వారి లెక్క తేల్చింది. వెనుకబాటు కథనాలకు అలవాటుపడిన చెవులకు ఇది కొత్తగా వినిపిస్తుంది. కరవు నిజం, మెరుగుదలా నిజమే.

సగటు దాచిపెట్టేది

ప్రాంతీయ అభివృద్ధి పథకాలన్నీ జిల్లా సగటుపైనే ఆధారపడతాయి. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు రాష్ట్రంలో తొలివిడతగా ఎంపికైన 13 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. వెనుకబడిన ప్రాంతాల నిధి జాబితాలోనూ అది ఉంది. రాజధానిని ఆనుకుని ఉన్న రంగారెడ్డి కూడా ఆ జాబితాల్లో చేరింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ ఉమ్మడి రాష్ట్రంలోని ప్రాంతాలను పోల్చి చూసినప్పుడు, తెలంగాణ అంకెలను హైదరాబాద్‌ను కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి ఇవ్వవలసి వచ్చింది. ఒక్క నగరం చేరితే సగటు రూపమే మారిపోతుంది.

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట విడిపోయింది. కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. అలా మాడ్గుల మండలం రంగారెడ్డి జిల్లాలో చేరింది. డోకూరు మహబూబ్‌నగర్‌లోనే మిగిలింది.

నలభై ఏళ్లుగా దేశంలోని మెట్ట పేదరికానికి ఉదాహరణగా నిలిచిన అవురుపల్లి, ఒక్క ఉత్తర్వుతో తలసరి ఆదాయంలో రాష్ట్రంలోనే అగ్రస్థానంలో ఉన్న జిల్లాకు చెందినదైపోయింది. గచ్చిబౌలి, మాదాపూర్‌లలోని సాఫ్ట్‌వేర్ సంస్థలు, శంషాబాద్ విమానాశ్రయం ఉన్న జిల్లా అది. మాడ్గుల చెలకల్లో పత్తి ఏరే కూలీ సంపాదన, ఐటీ ఉద్యోగి జీతం ఒకే మొత్తంలో చేరి, ఒకే జనాభాతో భాగించబడుతున్నాయి. రేపు వెనుకబడిన జిల్లాలకు ఏదైనా కొత్త నిధి వస్తే, ఈ సగటు ప్రకారం అవురుపల్లికి అది దక్కే అవకాశం తక్కువ. డోకూరుకు దక్కవచ్చు.

ఇక్రిశాట్ అధ్యయనం 2009లో గేట్స్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో 42 గ్రామాలకు విస్తరించింది. ప్రకాశం జిల్లాలోని జె.సి.అగ్రహారం, పమిడిపాడు అప్పుడే చేరాయి. బిహార్, ఝార్ఖండ్, ఒడిశాలతో పాటు బంగ్లాదేశ్ గ్రామాలనూ కలుపుకొన్నారు. ఆ విడత 2014తో ముగిసింది. సేకరించిన సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. ఆ సమాచారం ఆధారంగా వచ్చిన పత్రాలు వందల్లో ఉన్నాయి. దాదాపు అన్నీ ఆంగ్లంలోనే.